తాడు మీది మాటలు

మా గూడెంలో ఆదివారం బడి పెట్టిన కొత్తలో పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువగా వచ్చారు. సాయం చేద్దామని కాదు. అంగన్‌వాడీ అరుగు మీద వరసగా కూర్చుని, నేనేం చెబుతానో చూసి నవ్వుకుందామని. నేను మార్కాపురంలో ఉంటాను, ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మని. వారమంతా ఊరి పిల్లలకు తెలుగు వాచకం చెప్పి, ఆదివారం పొద్దున్నే దోర్నాల బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో నల్లమల అంచున ఉన్న మా గూడేనికి పోతాను, మా పిల్లలకు మా మాట నేర్పడానికి. "మన మాట మనకు నేర్పేదానికి బస్సు చార్జీలు పెట్టుకొని వచ్చిందంట" అని ఒక అవ్వ పక్కనున్న ఆవిడతో అంది. నాకు వినబడాలనే అంది.

మేము చెంచులం. మా మాట తెలుగే అంటారు కొందరు, కాదు వేరే భాష అంటారు ఇంకొందరు. ఆ తగువు చదువుకున్నవాళ్ళు తీరిగ్గా తేల్చుకోనీ. నాకు తెలిసిందల్లా ఒకటే. చిన్నప్పుడు గిద్దలూరు హాస్టల్లో నేను నోరు తెరిస్తే పక్క మంచం పిల్ల నుంచి వంటామె దాకా అందరూ నవ్వేవాళ్ళు. మాటకు మేం తీసే రాగానికి నవ్వేవాళ్ళు, మేం చెట్లనూ జంతువులనూ పిలిచే పేర్లకు నవ్వేవాళ్ళు. నోరు మూసుకోవడం ముందు నేర్చుకున్నాను, వాళ్ళలా మాట్లాడడం ఆ తర్వాత నేర్చుకున్నాను. హైస్కూలు దాటేసరికి నాది పూర్తిగా గిద్దలూరు నోరైపోయింది. సెలవులకు ఇంటికి పోతే మా నాయన చేటలో గడ్డలు పెట్టి నా ముందుకు తోసి, "టీచరమ్మగారూ, వీటి పేర్లేందో సెలవియ్యండి" అని ఎగతాళి చేసేవాడు. అప్పటికి నేనింకా టీచర్ని కాను. ఆయన వెక్కిరింత నిజమై కూర్చుంది.

ఇప్పటికీ ఎవరైనా మా మాటను "వచ్చీరాని తెలుగు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మాకు వచ్చిందే మేం మాట్లాడతాం. రానిది వాళ్ళకు.

ఆదివారం బడి మెల్లగా కుదురుకుంది. మార్కాపురంలో మా ఆయన పలకల కార్ఖానాలో పని చేస్తాడు. అంచులు విరిగి పక్కన పడేసిన పలకలను యజమానిని అడిగి సంచిలో వేసి ఇచ్చేవాడు. నవ్వడానికి వచ్చిన అవ్వే మూడో వారం నన్ను పక్కకు జరిపి, "అట్ల కాదు మ్మే, నువ్వు చెప్తాంటే గడ్డ కూడా ఎండిపోతాది" అని తానే చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలను వెంటబెట్టుకుని చెట్ల మధ్యకు పోయి ఏ తీగ కింద ఏ గడ్డ ఉంటుందో, దాన్ని ఏమంటారో, ఎంత తవ్వి ఎంత వదిలెయ్యాలో చూపించేది. ఆడవాళ్ళు ఇప్పపూలు ఏరేటప్పటి పాటలు పాడారు. దోర్నాలలో ఆటో నడుపుకునే మా తమ్ముడు వాట్సాప్ గ్రూపు పెట్టాడు. మొదట్లో అందులో గుడ్ మార్నింగ్ పూలబొమ్మలే వచ్చేవి. తర్వాత ఎవరో ఒకరు పనిచేసుకుంటూ పాటో, ముసలివాళ్ళ ముచ్చటో రికార్డు చేసి పెట్టేవాళ్ళు. యర్రగొండపాలెం వైపు గూడేల నుంచి కూడా, "మేమట్ల అనం, ఇట్ల అంటాం" అని పోట్లాటలు వచ్చేవి. పోట్లాట వస్తే నాకు సంతోషంగా ఉండేది. బతికున్న మాట గురించే కదా మనుషులు పోట్లాడుకునేది.

అన్నీ కూడుతున్నాయి, ఒక్కటి తప్ప. తాడు మాటలు మాకు దొరకలేదు.

తాడు మాటలంటే తేనె మాటలు. కొండ చరియలకు పెద్ద తేనెపట్లు పడతాయి. ఎండాకాలంలో మగవాళ్ళు చరియ పైనుంచి నారతాడు కట్టుకుని వాటి దగ్గరికి దిగేవాళ్ళు. దిగేవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. అందుకని మాలో ఎవరు పడితే వాళ్ళు తాడు పట్టరు. దిగేవాడి బామ్మర్దే పట్టాలి, అంటే భార్య తోడబుట్టినవాడు. అన్నదమ్ముల మధ్యనయితే ఏదో ఒక కోపతాపం ఉండవచ్చు. చేతులారా అక్క తాళి తెంపే తమ్ముడుండడు. భార్య కూడా అక్కడే ఉంటుంది. తమ్ముడి వెనక కూర్చుని తాడు మీద చెయ్యి వేసి ఉంచుతుంది. తాడు పని అయ్యేదాకా ఆమె నోరు మాత్రం తెరవకూడదు.

దిగినవాడు, పైనున్నవాడు మామూలు మాటలు మాట్లాడరు. తాడు మీద తేనెటీగలను తేనెటీగలనరు, చుట్టాలంటారు. తాడు వదులు అనే మాట నోట రాకూడదు, 'పారనీ' అనాలి. ఆపమనాలంటే 'నిలుపు'. పైకి లాగమనాలంటే 'ఇంటికి'. ప్రతి పిలుపుకూ ఒక జవాబుంటుంది. 'పారనీ బామ్మర్దీ' అని కింది నుంచి పిలిస్తే పైవాడు 'పారె బావా' అని పలికాకే తాడు వదులుతాడు. 'ఇంటికి బామ్మర్దీ' అంటే 'వస్తివి బావా, వస్తివి' అని పలికాకే లాగుతాడు. ఆ మనిషి ఇంకా చరియ మధ్యలో వేలాడుతూనే ఉంటాడు, అప్పుడే వచ్చేశావని చెప్పడమన్నమాట. ఇట్లాంటి పిలుపులు చాలా ఉండేవి. గాలి మారితే ఒకటి, చుట్టాలు లేస్తే ఒకటి, కాలికి రాయి తగిలితే ఒకటి. వాటిని రాగం తీసి పిలవాలి. పిలిచి పలకని పిలుపు ఉండకూడదు. పలక్కపోతే ఆ మనిషి ఇంకా తాడు మీదే ఉన్నట్టు లెక్క.

మా గూడెంలో తాడు దిగిన చివరి మనిషి మా నాయన. ఆయనకు తాడు పట్టింది మా అమ్మ తమ్ముడు, మా మామ. నేను పెద్దదాన్ని అయ్యేసరికే ఆ పని తగ్గిపోయింది. అడవిలో ఆంక్షలు పెరిగాయి, వయసులో ఉన్నవాళ్ళు అటవీశాఖలో వాచర్లుగానో కూలికో పోయారు. నాయనా మామా మాత్రం ఎండాకాలం రాగానే కొత్త తాడు పేనుకుని, ఏదో ఒక చిన్న చరియకైనా పోయి వచ్చేవాళ్ళు. కిందికి వచ్చాక ఒకరినొకరు తిట్టుకుంటూ తేనె పంచేవాళ్ళు. తాడు మీద తిట్టుకోవడానికి వీల్లేదు కదా, అదంతా దాచి పెట్టుకుని నేల మీద తీర్చుకునేవాళ్ళు.

నాయనకు ఊపిరితిత్తులు చెడి, రెండేళ్ళ కిందట మార్కాపురం ఆస్పత్రిలో పెట్టాం. మంచం పక్కన అమ్మా నేనూ ఉన్నాం. మామ టీ తేవడానికి ఫ్లాస్కు తీసుకుని గేటు బయటికి పోయాడు. అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్న నాయన ఉన్నట్టుండి, "ఇంటికి బామ్మర్దీ" అన్నాడు. ఇంటికి పోదామంటున్నాడేమో అనుకుని నేను, "పోదాం నాయనా, రేపు పోదాం" అన్నాను. మా అమ్మకు తెలుసు అది తాడు పిలుపని. ఆ రాగం ఆమెకు తెలుసు. ఆమె చెయ్యి నాయన చేతి మీదే ఉంది, నోరు మాత్రం తెరవలేదు. అలవాటు అట్లాంటిది. నాయన ఇంకోసారి పిలిచాడు. మామ ఫ్లాస్కుతో లోపలికి వచ్చేసరికి అంతా అయిపోయింది.

అమ్మ మామకు జరిగింది చెప్పింది. మామ అడిగింది ఒక్కటే. "ఎవురన్నా పలికినారా?"

"లేదు" అంది అమ్మ.

మామ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి బయటికి పోయాడు. ఆ తర్వాత ఆయన నోట తాడు మాట ఎవరూ వినలేదు.

ఆదివారం బడి పెట్టాక నేను ఆయన వెంట పడ్డాను. మంచిగా అడిగాను, అలిగి అడిగాను, కోడికూర వండుకుని పోయి అడిగాను. కూర తిని, "ఉప్పు తక్కువైంది కోడలా" అని చెయ్యి కడుక్కున్నాడు. గ్రూపులో పెట్టను, నాకొక్కదానికే చెప్పమన్నాను. "చెప్పేదేముందమ్మా అందులో. నావన్నీ జవాబులు. పిలిచేటోడు లేకుండా దేనికి పలికేది?" అన్నాడు. ఆయన మొండికేశాడని మా తమ్ముడు అనేవాడు. నేను అట్లా అనుకోలేకపోయాను. బావను తాడు మీదే వదిలేశానని ఆయన లోపల కుళ్ళిపోతున్నాడని నాకు తెలుసు. అది తెలిసి కూడా అడగడం మానలేదు, ఎందుకంటే మామకు దగ్గు మొదలైంది. నాయన దగ్గు ఎట్లా మొదలైందో నేను చూశాను. మామ పోతే ఆ మాటలు ఆయనతోనే పోతాయి, ఆయన బాధ కూడా తీరకుండానే ఆయనతో పోతుంది. ఈ రెంటిలో దేనికి ఎక్కువ భయపడ్డానంటే ఇప్పటికీ చెప్పలేను.

అమ్మను కూడా అడిగాను. అన్నేళ్ళు తాడు మీద చెయ్యేసి కూర్చుంది, నాయన పిలుపులు ఆమెకు రాకుండా ఉంటాయా అని. "ఆ మాటలు నా చెవుల్లో ఉండాయి, నోట్లో లేవు" అంది. ఆ మాట మీది నుంచి ఇక కదల్లేదు.

ఒక ఆదివారం నాకొక ఉపాయం తట్టింది. అంగన్‌వాడీ ముందున్న వేపచెట్టు కొమ్మకు ప్లాస్టిక్ తాడు కట్టి, పిల్లలకు తాడు ఆట నేర్పుతున్నట్టు నటించాను. మామ చూస్తే ఉండబట్టలేక తప్పులు దిద్దుతాడని నా ఎత్తు. ఆయన వచ్చాడు, చూశాడు, కొమ్మను చూపించి, "ఈ చెట్టుకు అక్క ఉందా?" అని అడిగాడు. పిల్లలు అర్థంకాక నా ముఖం చూశారు. "అక్క లేనప్పుడు అది బామ్మర్ది ఎట్లయితాది? అక్క లేనిదానికి తాడు ఎట్లిస్తావు?" అనేసి నవ్వుకుంటూ పోయాడు. నవ్వాడు గదా, అదే లాభమనుకున్నాను. నాయన పోయాక ఆయన అట్లా నవ్వడం అదే మొదలు.

ఆ మాట పట్టుకున్నది మా తమ్ముడు. "అక్కా, చెట్టుకు లేదు సరే, నాకుంది గదా అక్క. బావ దిగితే తాడు నేను పడతా" అన్నాడు.

మా ఆయనా చెంచువాడే, కానీ పుట్టి పెరిగింది మార్కాపురం. మేడ మీద బట్టలు ఆరెయ్యమంటే పిట్టగోడ వైపు చూడకుండా ఆరేసి వస్తాడు. ఆయనను తాడు మీద దింపడమంటే మామూలు విషయం కాదు. నేను బతిమాలుతానని ఎదురుచూశాడో ఏమో, నేను ఊరుకుంటే తనంతట తానే, "ఎంత ఎత్తేంది?" అని అడిగాడు. గూడెం వెనక ఇంటెత్తు బండ ఒకటుంది. దాని మీద తేనె లేదు, కింద ఇసుక ఉంది. దాన్ని చూసి వచ్చి రెండు రోజులు ఆలోచించుకుని సరేనన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన మీద నాకు అంత ప్రేమ పుట్టిన రోజు ఇంకోటి లేదు.

ఆ పై ఆదివారం గూడెమంతా బండ దగ్గరికి వచ్చింది. మామ రాడనుకున్నాం. వచ్చాడు, భుజం మీద నారతాడు వేసుకుని. బావ లేకపోయినా ఎండాకాలం రాగానే ఆయన కొత్త తాడు పేనుతూనే ఉన్నాడని మాకప్పుడే తెలిసింది. "ముడి నేను వేస్తా. మీ ప్లాస్టిక్ తాడును నమ్మి మనిషిని దింపుతారా? మాట మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు. మా ఆయన నడుముకు తానే కట్టి, ముడిని గుంజి గుంజి చూశాడు. తమ్ముడికి మడమలు ఎక్కడ తన్నిపెట్టాలో చూపించాడు. నేను తమ్ముడి వెనక కూర్చుని తాడు మీద చెయ్యి వేసి నోరు మూసుకున్నాను. అమ్మ తాడు దగ్గరికి రాలేదు. మొగుడు పోయిన మనిషి తాడును తాకదు. దూరంగా తునికి చెట్టు కింద కూర్చుంది.

మా ఆయన బండ అంచు దాటి దిగాడు. నా అరచేతి కింద తాడు బిగుసుకుంది. ఆయన వణకడం తాడులో తెలిసింది. నేను ఊహించని సంగతి అది. ఇన్నేళ్ళూ అమ్మ చేతికి నాయన ఇట్లాగే తెలిసి ఉంటాడనిపించింది. మాట్లాడాలనీ, భయపడవద్దని చెప్పాలనీ ఎంత అనిపించిందో, చెప్పకూడదన్నది కూడా అంతే గట్టిగా అనిపించింది.

సగం దూరం దిగాక ఆయన కాలు జారింది. బండకు అటూ ఇటూ ఊగుతూ, "రేయ్ లాగు రా! లాగు! అమ్మో!" అని కేకలు పెట్టాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. తమ్ముడు గబగబా లాగబోయాడు.

"లాగొద్దు!" అని మామ అరిచాడు. "పలక్కుండా లాగొద్దు రా!"

తమ్ముడికి కోపం వచ్చింది. చేతులు కోసుకుపోతున్నాయి వాడికి. "ఏమని పలకాల మామా? నువ్వు చెప్తే గదా నాకు తెలిసేది! నాయనతో పాటు అన్నీ మూటగట్టి పెట్టుకుంటివి. రేపు నువ్వు పోతే మేమంతా ఇట్లనే వేలాడాల!"

నవ్వుతున్న పిల్లలు ఆగిపోయారు. మామ ముఖం చూడలేకపోయాను. "వాడు పిలవాల గదా" అన్నాడు చివరికి. చాలా మెల్లగా అన్నాడు. "పిలిస్తే గదా నేను పలికేది."

అప్పుడు నా వెనక నుంచి పిలుపు వినబడింది.

"ఇంటికీ... బామ్మర్దీ..."

నేను తల తిప్పి చూశాను. అమ్మ చెట్టు కింది నుంచి లేచి బండ అంచు దాకా వచ్చి నిలబడింది. సన్నటి గొంతు ఆమెది, నాయనది బొంగురు గొంతు. అయినా ఆ రాగం ఎక్కడ సాగాలో అక్కడ సాగింది, ఎక్కడ విరగాలో అక్కడ విరిగింది. ఆస్పత్రిలో నేను ఇంటికి పోదామంటున్నాడని అనుకున్నది ఆ పిలుపే. తాడు దగ్గర నోరు తెరవని మనిషి, సొంత తమ్ముణ్ణి పట్టుకుని 'బామ్మర్దీ' అని పిలిచింది. నాకు ఏడుపొచ్చింది. తాడు మీద చెయ్యి తీయకూడదు గనక కళ్ళు తుడుచుకోలేదు.

అమ్మ రెండోసారి పిలిచింది. నాయన కూడా రెండుసార్లే పిలిచాడు.

మామ వచ్చి తమ్ముడి చేతుల మీదుగా తాడు పట్టుకున్నాడు. మొదట దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక తల ఎత్తి, "వస్తివి బావా..." అన్నాడు. గొంతు పూర్తిగా లేవలేదు. ఇంకోసారి అన్నాడు. "వస్తివి బావా, వస్తివి..." ఈసారి ఆ మాట బండ కిందికి పోయింది. అప్పుడు లాగాడు. ఒక్కో లాగుకూ ఆ మాటే అన్నాడు. తమ్ముడు అందుకున్నాడు, ఆ తర్వాత పిల్లలు అందుకున్నారు. అరుగు మీద నన్ను చూసి నవ్విన అవ్వ కూడా అంది. ఎవరి ఫోనైనా రికార్డు చేసిందా అని నాకు అప్పుడు తట్టనేలేదు. తర్వాత అడిగితే ఎవరూ చెయ్యలేదు. పిల్లలకు మాత్రం వచ్చేసింది. ఇప్పుడు బోరింగు దగ్గర బిందె ఎత్తుకోవాలన్నా 'వస్తివి బావా' అంటున్నారు. మిగతా మాటలు మామ ఒక్కొక్కటిగా చెబుతున్నాడు, అమ్మ చెట్టు కింద కూర్చుని పిలిస్తేనే చెబుతాడు.

ఆ రోజు మా ఆయన పైకి వచ్చి, మోకాళ్ళు గీరుకుపోయి, చాలాసేపు బండ మీద బోర్లా పడుకున్నాడు. ఊపిరి అందాక లేచి కూర్చుని మామ వైపు చూశాడు.

"ఏంది చిన్నాయనా, నేను గొంతు చించుకొని అరిస్తే లాగకపోతివి. అత్త పిలిస్తే లాగినావు!"

మామ తాడును చుట్ట చుట్టుకుంటున్నాడు. అమ్మ అప్పటికే తునికి చెట్టు కిందికి పోయి అటు తిరిగి కూర్చుంది. మామ ఆమె వైపు చూసి, చేతిలో తాడు వైపు చూసి, మా ఆయన భుజం మీది దుమ్ము దులిపాడు.

"నిన్ను లాగింది మీ బామ్మర్ది నాయనా" అన్నాడు. "నేను లాగింది మా బావను."